పక్క కొట్టు నీళ్లు మన సరుకు తడిపితే

టిఫిన్ సెంటర్ సింకు పైపు కారి, గోడ చెమర్చి, పక్క బట్టల కొట్టులో అడుగు అర చీరలన్నీ తడిశాయనుకోండి. ఇద్దరూ అద్దెకున్నవాళ్లే. మాటామాటా పెరగకముందే నీళ్లు ఆపించండి. సరుకు కదపకముందే ఫొటోలు తీయండి. బీమా ఉంటే వెంటనే కంపెనీకి తెలపండి. సర్వేయరు చూసేదాకా ఏదీ పారేయొద్దు.

తర్వాత ఇద్దరి ఎదుటా ప్లంబరుతో చూపించండి. అసలు చిక్కంతా ఇక్కడే. కుళాయి కట్టేయకుండా వెళ్లిపోతే అది ఆ అద్దెదారు బాధ్యత. గోడలోని పాత పైపు పగిలితే మాత్రం యజమానిని అడగాలి. పాపం, చాలామంది ఆయన్ని వదిలేసి తమలో తామే తగువులాడుకుంటారు. ఆయన చేయించాల్సిన మరమ్మతు నోటీసిచ్చాక కూడా తగిన వ్యవధిలో చేయించకపోతే, అద్దెదారే చేయించి ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఒప్పందంలో వేరేగా లేకుంటే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఇది.

రాజీ కుదిరితే ఎంత, ఎప్పటిలోగా అన్నది కాగితంపై రాసుకోండి. కుదరకపోతే మండల న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయండి. ఆ సంస్థ నిర్వహించే లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు. అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. అందుకే సంతకానికి ముందు అంకె సరిచూసుకోండి. న్యాయ సహాయానికి ఉచిత ఫోన్ నంబరు 15100.