లెక్కా, రక్తమూ, చేపా

(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



శాస్త్ర పరిశోధనను గూర్చి అరగంట మాట్లాడవలసిందని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. పచ్చడి తిని, పంచాంగ శ్రవణం విని, భోజనాల పిలుపుకోసం చెవులు రిక్కించుకొని ఉన్న సభముందు శాస్త్రం మాట్లాడటం సాహసమే. అయినా ముప్ఫైయేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. ఆవులింతలకు భయపడే అలవాటు నాకెప్పుడో పోయింది.

ఈ సభలో రెండు రకాల తెలుగువాళ్ళం ఉన్నాము. నెల్లూరు, గుంటూరు, కృష్ణా జిల్లాలనుంచి ఉద్యోగాలకై తిరువళ్ళూరు వచ్చి స్థిరపడినవారు ఒక రకం. నాబోటి తిరుత్తణివాళ్ళు రెండో రకం. మేము ఎక్కడికీ వలస పోలేదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన మా తాలూకా చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. మేము అరుగుమీద కూర్చుని ఉండగానే పొలిమేర మా ఇంటిమీదుగా నడిచి వెళ్ళిపోయిందన్నమాట.

రకాలు రెండైనా నన్నడిగే ప్రశ్న ఒక్కటే. "మాస్టారూ, మా అమ్మాయి ఎమ్మెస్సీతో ఆగనంటున్నది, పరిశోధన చేస్తానంటున్నది. దానివల్ల ప్రయోజనమేమిటి?" ఈ యేడు ముగ్గురు తండ్రులు అడిగారు. ఒకరి పిల్ల గణితంలో అనాలిసిస్ అంటున్నదట. ఇంకొకరి పిల్ల స్త్రీల ఆరోగ్యమట. మూడో ఆయన పిల్ల సముద్రపు చేపలట. ఈ మూడో ఆయన బాధ మరీ ఎక్కువ, ఎందుకంటే వారిది శాకాహార కుటుంబం. ముగ్గురికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే చెప్పుదామని వచ్చాను.

ముందు లెక్క సంగతి. ఒక కొట్టు యజమాని ఒకరోజు గల్లాపెట్టెలో రూపాయి వేస్తాడు, మరునాడు తీస్తాడు. మళ్ళీ వేస్తాడు, మళ్ళీ తీస్తాడు. ఎన్నటికీ ఆగకుండా ఇలా సాగితే చివరకు పెట్టెలో ఎంత ఉన్నట్టు? ఒకటని చెప్పలేము, సున్న అనీ చెప్పలేము. కాని ప్రతిరోజు నిలువనూ కూడి సగటు కడుతూ పోతే, అది అర్ధరూపాయి దగ్గర స్థిరపడుతుంది. ఇంతవరకు పిల్లలకు కూడా అర్థమౌతుంది. దీన్ని తిరగవేసి చూడండి. సగటు స్థిరపడిందని తెలిసినంత మాత్రాన అసలు నిలువ కూడా స్థిరపడుతుందని చెప్పవచ్చునా? ఊరికే చెప్పరాదు. రోజురోజుకు జరిగే మార్పు ఒక హద్దుకు లోబడి తగ్గుతూ రావాలి. ఆ హద్దు ఏమిటో తేల్చేవే టౌబేరియన్ సిద్ధాంతాలు. అనంతమైన దానితో వ్యవహరిస్తూ పొరబడకుండా ఉండే విద్యే అనాలిసిస్.

ఈ విద్యలో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాల ఒకనాడు పేరుమోసింది. కె. ఆనందరావుగారు, రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్న కాలంలోనే అక్కడ హార్డీ దగ్గర చదివి, తిరిగివచ్చి ఆ కళాశాలలో ఆచార్యులైనారు. వారి శిష్యులలో ఇద్దరిని చెప్పుతాను. కోమరవోలు చంద్రశేఖరన్‌గారు 1920లో మచిలీపట్నంలో పుట్టారు, మద్రాసులో చదివారు, బొంబాయి టాటా సంస్థలో గణిత విభాగాన్ని నిలబెట్టారు, జూరిచ్‌లో ఆచార్యత్వం చేసి 2017లో అక్కడే కన్నుమూశారు. రెండవవారు సుబ్బరామయ్య మీనాక్షిసుందరంగారు. తిరుచ్చూరులో పుట్టినవారు, తెలుగు వారి ఇంటి భాష కాదు. అయినా వారి ముఖ్యమైన కృషి కాలమంతా వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుతో ముడిపడి ఉన్నది. ఆ పరిషత్తుకు 1931 నుంచి 1936 దాకా ఉపాధ్యక్షులుగా ఉండి, విజ్ఞానశాస్త్రాలకు అక్కడ పాదు వేసినది ఎవరనుకొన్నారు? మా తిరుత్తణిలో 1888లో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు. ఈ ముగ్గురి రాకపోకలనూ గీతలుగా గీస్తే ఏ గీత ఏ రాష్ట్రానిదో చెప్పడం కష్టం. నాకు ఇష్టమైన పటం అదే.

మీనాక్షిసుందరంగారు చేసినదేమిటి? మృదంగాన్ని తలుచుకోండి. దాని మోతలో ఒక్క స్వరమే కాదు, పలు స్వరాలు కలిసి ఉంటాయి. మన మృదంగం స్వరాలను సర్ సి.వి. రామన్ స్వయంగా పరిశీలించారు. ఇప్పుడు ప్రశ్న: వాద్యాన్ని చూడకుండా, ఆ స్వరాల పట్టిక మాత్రమే చేతికిస్తే, దాని చర్మం ఎంత వెడల్పో చెప్పగలమా? చెప్పగలమని హెర్మన్ వైల్ 1911లో నిరూపించాడు. మీనాక్షిసుందరంగారు, స్వీడన్ గణితజ్ఞుడు ప్లైయెల్ కలిసి 1949లో ఇంకా ముందుకు పోయారు. వంపు తిరిగిన తలంమీద వేడి ఎలా పాకుతుందో గణించి, ఆ స్వరాల పట్టికలో తలం యొక్క వంపుల వివరాలు కూడా దాగి ఉన్నవని చూపే దారి తెరిచారు. స్వరాలన్నీ వింటే ఆకారం పూర్తిగా తెలిసిపోతుందా అని 1966లో మార్క్ కాట్జ్ అడిగాడు. తెలియదని, రెండు వేరువేరు ఆకారాలు ఒకే మోత మోగగలవని 1992లో ముగ్గురు గణితజ్ఞులు తేల్చారు. 1949లో ఈ పని చేసేటప్పుడు దీనివల్ల ప్రయోజనమేమిటని ఎవరైనా అడిగి ఉంటే ఆయన ఏమనేవారో గాని, 1970ల్లో హాకింగ్ వంటి భౌతికశాస్త్రజ్ఞులకు అదే సాధనం అక్కరకు వచ్చింది.

రెండవది రక్తం. ఇది చెప్పటానికే ముఖ్యంగా నేను ఒప్పుకొన్నాను.

మా మేనత్త పళ్ళిపట్టు దగ్గర కాపురం చేసేది. నాకు పదేళ్ళు నిండని రోజులు, 1961. మూడో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మెట్టుమీద కాలు పెట్టితే ఆయాసం. కనురెప్ప లోపల ఎరుపు లేదు, నాలుక నున్నగా తేలిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు పాండురోగమన్నారు, కడుపుతో ఉన్నవాళ్ళకు ఇది మామూలే అన్నారు. కాన్పు అయింది, పిల్ల బతికింది, అత్త బతకలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తరువాత నేను చదివి తెలుసుకొన్న సంగతి చెప్పటానికి చెప్పుతున్నాను.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చింది. మిల్లు కూలి కుటుంబాలలోని గర్భిణులకు వచ్చే ఈ పాండురోగం మామూలు రకం కాదనీ, రక్తకణాలు పెద్దవై పక్వం కాకుండా ఉంటున్నవనీ గమనించింది. ఆ స్త్రీలు ఏమి తింటున్నారో ఇంటింటా విచారించింది. తరువాత కూనూరులో, 1931 ప్రాంతంలో మద్రాసు తిరువల్లికేణిలోని గోషా ఆసుపత్రిలో పనిచేసింది. నేటి కస్తూరిబా గాంధి ఆసుపత్రి అదే, మన తిరువళ్ళూరు రైలు ఎక్కితే గంటన్నర దూరం. ఈస్టు సారంతో చేసిన మార్మైట్ అనే చవుక పదార్థం ఇస్తే రక్తం తిరిగి పడుతున్నదని ఆమె 1931లో ప్రకటించింది. అందులో ఏ గుణం పనిచేస్తున్నదో ఆమెకు తెలియదు. లోకం దానికి విల్స్ పదార్థమని పేరు పెట్టింది.

అదేమిటో 1941లో అమెరికాలో పాలకూరనుంచి తీశారు. ఆకునుంచి వచ్చింది కనుక ఫోలిక్ ఆమ్లమన్నారు. టన్నులకొద్దీ ఆకు పిండితే చిటికెడు దొరికేది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే విధానం 1945లో లెడర్లీ సంస్థలో సాధ్యమైంది. ఆ పరిశోధన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టి మద్రాసు వైద్యకళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. ఈ ఫోలిక్ ఆమ్లమే ఆ జబ్బుకు మందుగా పనికివచ్చింది. అంతేకాదు, ఆ పదార్థాన్ని కాస్త మార్చి అడ్డుమందు తయారుచేస్తే అది క్యాన్సరును అణచసాగింది. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌తో, మాయనుంచి పుట్టి ప్రాణాలు తీసే ఒక క్యాన్సరు స్త్రీలలో నయమౌతున్నదని 1956లో వెల్లడైంది. సుబ్బారావుగారు అది చూడలేదు. 1948లోనే, యాభైమూడేళ్ళకే పోయారు.

ఇప్పుడు లెక్క చూడండి. 1945లో మందు పుట్టింది. 1961లో మా అత్త పోయింది. మన దేశంలో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంచే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. అత్తకు ఏ లోపమో ఆనాడు రక్తపరీక్ష చేసి చూసినవారు లేరు. ఆ లోపమే అని నేను ప్రమాణం చేయలేను. చూడకపోవడమే నా బాధ.

ఇది పాతకాలపు కథ అనుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనునుంచి నలభైతొమ్మిదేళ్ళ స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు దేశంలో నూటికి 57 మంది. తమిళనాట 53, ఆంధ్రలో 59 దగ్గర. మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు, రోజుకొకటి, ఆరు నెలలు. మా బంధువుల ఇంట్లో ఒక కోడలికి ఇచ్చిన మాత్రలు బీరువా వెనుక దొరికాయి. బిడ్డ నల్లగా పుడుతుందని అత్తగారి భయం. మలం నల్లబడటం ఇనుము గుణం తల్లీ, బిడ్డ రంగుతో దానికి నిమిత్తం లేదు. మాత్ర వేసుకొన్న వెంటనే కాఫీ, టీ తాగితే ఇనుము ఒంటపట్టదు. కాస్త నిమ్మరసంతోనో ఉసిరికాయతోనో అయితే పడుతుంది. శాకాహారులకు ఇంకొక మాట. బి-12 అనే విటమిన్ లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గాని, నరాలకు జరిగే హాని ఆగదు. కనుక వైద్యులను అడగాలి, పరీక్ష చేయించాలి. కడుపులో పిండానికి వెన్నెముక లోపం రాకుండా ఫోలిక్ ఆమ్లం కాపాడుతుందని 1991లో స్థిరపడింది. అది గర్భం నిలవకముందే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆ భాగం మొదటి నెలలోనే మూసుకొంటుంది. కొత్తగా పెళ్ళయిన పిల్లలున్న ఇళ్ళవారు ఇది గుర్తుంచుకొంటే చాలు.

ఇక చేపలు. శాకాహారులు చెవులు మూసుకోనక్కరలేదు.

మన జిల్లాకు సముద్రం ఉన్నదని మనలో చాలామంది మరిచిపోతాము. పొన్నేరి దాటి పళవేర్కాడు వెళితే పులికాట్ సరస్సు, తెలుగులో ప్రళయ కావేరి. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొస మన జిల్లాలో. ఆరణి, కాళంగి నదుల మంచినీళ్ళు ఒకవైపు, సముద్రపు ఉప్పునీళ్ళు ఒకవైపు. వానకాలంలో దాదాపు తియ్యన, ఎండాకాలంలో సముద్రంకంటే ఉప్పన. సముద్రానికి ఉన్న ముఖద్వారం ఇసుక మేటతో అప్పుడప్పుడు మూసుకుపోతుంది. అది మూసుకుంటే వల ఖాళీ, పొయ్యి ఖాళీ.

ఎందుకు ఖాళీ? దీనికి జవాబు పండుగప్ప చరిత్రలో ఉన్నది. ఈ చేప సముద్రంలో, ముఖద్వారాల దగ్గర గ్రుడ్లు పెడుతుంది. పిల్లలు పోటుతోపాటు ఉప్పుటేళ్ళలోకి వచ్చి పెరుగుతాయి. పెద్దవై మళ్ళీ సముద్రం చేరాలి. తలుపు మూస్తే పిల్లలు రాలేవు, తల్లులు పోలేవు. ఇంకో విచిత్రం: ఇది తొలుత మగచేపగా ఎదిగి, కొన్నేళ్ళకు ఆడచేపగా మారుతుంది. పెద్ద చేపలన్నిటినీ పట్టేస్తే మిగిలేవి దాదాపు మగవే, గ్రుడ్లు పెట్టేదెవరు? ఈ సంగతి తెలిసిన తరువాతే దాన్ని చెరువులో పెంచి, గ్రుడ్లు పెట్టించే ప్రయత్నం ఫలించింది. మద్రాసులోని కేంద్ర ఉప్పునీటి జలచరాల పెంపక సంస్థ 1997లో ఆ పని సాధించింది.

నా లెక్క ఇక్కడ కూడా అడుగుపెడుతుంది. చేప యేటా సమంగా పెరగదు. ఎంత ఎదగవలసి ఉందో అందులో ఒక భాగం మాత్రమే పెరుగుతుంది. మాటవరసకు నూరు అంగుళాల హద్దు ఉన్న చేప, మిగిలినదానిలో అయిదో వంతు చొప్పున పెరిగితే, తొలి యేడు 20, రెండో యేడు 36, మూడో యేడు 49 కి కొంచెం తక్కువ. హద్దును సమీపిస్తుంది, చేరదు. పిల్లలూ, ఇందాక గల్లాపెట్టె దగ్గర చూసిన అనంతమే ఇది, చేప వేషంలో. 1938లో బెర్టలాన్‌ఫీ రాసిన ఈ సూత్రంతోనే ఏ వయసు చేపను పట్టవచ్చునో, దేన్ని వదలాలో తేల్చే లెక్కలు మొదలౌతాయి. చేప వయసు ఎలా తెలుసునంటారా? చెవిలో చిన్న రాయి ఉంటుంది, దాన్ని కోసి పొరలు లెక్కించాలి. చల్లని దేశాలలో చలికాలపు గీత స్పష్టంగా పడుతుంది. మన సముద్రంలో చలి లేదు గనుక గీతలు మసకగా ఉంటాయి. అందుకే మన దేశపు పరిశోధకుల పని అక్కడివారి పనికంటే కష్టం. అక్కడి పుస్తకం ఇక్కడ దించితే చెల్లదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకు పోరాదని నిషేధం. ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకే అది వస్తుంది. నిషేధం మంచిదే. కాని చేపలన్నీ మనం చెప్పిన రెండు నెలల్లోనే గ్రుడ్లు పెట్టవు. ఏది ఎప్పుడు పెడుతుందో ఒక్కొక్క చేపనూ కోసి చూసి రాసిపెట్టేవారు కావాలి. ఆ పని చేస్తానంటున్నది మన సంఘంలోని ఒక అమ్మాయి.

ఆ అమ్మాయికి ఇప్పుడొక అవసరం వచ్చింది. పుస్తకాల్లో చేపలకు లాటిను పేర్లున్నాయి, పళవేర్కాడులో అరవ పేర్లు వినిపిస్తాయి. పండుగప్పను అక్కడ కొడువా అంటారు. తడ, సూళ్ళూరుపేట వైపు జాలరులు అదే సరస్సులో అవే చేపలను తెలుగులో పిలుస్తారు. మూడూ కలిపిన పట్టిక లేకపోతే ఒక ఒడ్డున రాసుకొన్నది ఇంకో ఒడ్డున పనికిరాదు. ఆ వైపు చుట్టాలున్నవారు భోజనాల దగ్గర దయచేసి పేర్లు చెప్పండి. రాసుకోవటానికి వాళ్ళ నాన్నగారు, ఆ శాకాహారే, నోటుపుస్తకం పట్టుకొని మూడో వరసలో కూర్చుని ఉన్నారు.