పాత పికప్‌కి అదనపు ట్యాంకు



టెక్సాస్‌లో మనవాళ్ళు ఊరి బయట పదెకరాలో ఇరవై ఎకరాలో కొనుక్కోవడం ఎక్కువైంది. పొలం వచ్చిన కొన్నాళ్ళకే ఇంటి ముందుకి ఒక పాత పికప్ కూడా వచ్చి నిలబడుతోంది. ఎనభైల నాటి షెవర్లేయో, ఫోర్డ్ ఎఫ్-150యో, కమిన్స్ డీజిల్ ఇంజనున్న డాడ్జో. కొన్నవాళ్ళు వారం తిరక్కుండా అడిగే ప్రశ్న ఒక్కటే: దీనికి ఇంకో ట్యాంకు పెట్టించుకోవచ్చా? మెకానికల్ ఇంజనీరుగా, ఈ బండ్లంటే ప్రాణం పెట్టేవాడిగా దానికి నాకు తెలిసిన జవాబు చెబుతాను.

ముందు, ఆ అవసరం నిజమైనదే. కార్బ్యురేటర్‌తో నడిచే పాత వీ8 ఇంజను గాలనుకి 12 మైళ్ళిస్తే సంతోషించాలి. 20 గాలన్ల ట్యాంకు, అంటే మన లెక్కలో 75 లీటర్లు, చుక్క మిగలకుండా తాగించినా 240 మైళ్ళు. వెనక ట్రైలర్ తగిలించి గుర్రాన్నో గడ్డిమోపుల్నో లాగితే ఆ 12 కాస్తా ఎనిమిదికి పడుతుంది. అప్పుడు 160 మైళ్ళు. హ్యూస్టన్ నుంచి ఎల్ పాసోకి ఐ-10 మీద దాదాపు 745 మైళ్ళు. శాన్ ఆంటోనియో దాటి పడమరకి పోయేకొద్దీ బంకుకీ బంకుకీ మధ్య దూరం పెరుగుతూ పోతుంది. కాబట్టి ఎక్కువ ఇంధనం కావాలనుకోవడంలో తప్పేం లేదు. ఎంత పడుతుందనే లెక్క దగ్గరే ఆగిపోకుండా, ఆ ట్యాంకు బండిలో ఎక్కడ కూర్చుంటుందో ముందు తేల్చుకోవాలి. నా మాటంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ఈ బండ్ల చరిత్రే ఆ పాఠం చెబుతుంది. అరవైలలో షెవర్లే పికప్‌లో పెట్రోల్ ట్యాంకు ఎక్కడుండేదో తెలుసా? క్యాబిన్ లోపల, సీటు వెనక. డ్రైవరు వీపుకీ పెట్రోలుకీ మధ్య సీటు, ట్యాంకు రేకు. 1972 దాకా అంతే. ఫోర్డ్‌లోనూ అప్పట్లో సీటు వెనకే ఉండేది. 1973లో రెండు కంపెనీలూ దాన్ని బయటికి తేవడం మొదలుపెట్టాయి. ఫోర్డ్ వెనక సామాను తొట్టి కిందికి మార్చింది. షెవర్లేని తయారుచేసే జనరల్ మోటార్స్ (జీఎం) మాత్రం ఛాసిస్ పట్టాలకి వెలుపల, బండి పక్కన తగిలించింది. అటొకటి ఇటొకటి పెడితే 40 గాలన్లు పడతాయి. ఆ ఏడాది అక్టోబరులోనే అరబ్ దేశాలు చమురు ఆపేశాయి, అమెరికా అంతటా బంకుల ముందు బారులు తీరాయి. అలాంటి రోజుల్లో 40 గాలన్ల బండి అంటే కొనేవాళ్ళకి ఎంత ధైర్యంగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

కానీ జీఎం పెట్టిన ఆ పక్క ట్యాంకుకి బయటివైపు రక్షణ అంటూ ఉన్నది తొట్టి పక్కరేకు ఒక్కటే. ఇంకో కారు పక్కనుంచి వచ్చి గుద్దితే ఆ దెబ్బ ముందు ట్యాంకుకి, ఆ తర్వాతే ఛాసిస్‌కి తగులుతుంది. పక్కదెబ్బకి ట్యాంకు చిట్లి మంటలు లేచి మనుషులు చనిపోయారు. ఏళ్ళ తరబడి కేసులు నడిచాయి. 1992 చివర్లో కేంద్ర రహదారి భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. 1994 అక్టోబరులో అప్పటి రవాణా మంత్రి ఫెడరికో పేన్యా ఈ అమరికలో లోపముందని ప్రకటించారు. డిసెంబరులో ప్రభుత్వానికీ జీఎంకీ మధ్య రాజీ కుదిరింది. బండ్లని వెనక్కి పిలవలేదు. భద్రతా కార్యక్రమాలకి కంపెనీ 5 కోట్ల డాలర్లకి పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. మధ్యలో ఎన్‌బీసీ టీవీ తన పరీక్షలో మంట కచ్చితంగా రావాలని నిప్పు రవ్వలిచ్చే పరికరాలు అమర్చి పట్టుబడింది, 1993లో క్షమాపణ చెప్పుకుంది. అది వాళ్ళు చేసిన అన్యాయం. దానివల్ల అసలు సంగతి పక్కకి పోయింది. అసలు సంగతేమిటంటే, 1988లో వచ్చిన కొత్త పికప్‌లో అదే కంపెనీ ట్యాంకుని ఛాసిస్ పట్టాల మధ్యకి తెచ్చేసింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, 73 నుంచి 87 దాకా వచ్చిన షెవర్లే, జీఎంసీ పికప్‌లలో చాలావాటికి కుడివైపు ఒక్క ట్యాంకే ఉంటుంది. ఎడమవైపు చోటు ఖాళీ. తుక్కు బండ్ల యార్డులో రెండో ట్యాంకు దొరుకుతుంది, శనివారం ఒక్కపూటలో బిగించెయ్యొచ్చు. అందరికీ ముందు తట్టే ఆలోచన అదే. అది వద్దు. ఉన్న ప్రమాదాన్ని రెండో వైపుకి కూడా తెచ్చుకోవడం అవుతుంది.

నన్నడిగితే రెండో ట్యాంకు కంటే ఒకే పెద్ద ట్యాంకు మేలు. అదే తరం బ్లేజర్, సబర్బన్ బండ్లకి వెనక ఇరుసు దాటాక, పట్టాల మధ్య వేలాడే ట్యాంకు ఉండేది. అందులో 31 గాలన్లది పికప్‌కి అమర్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. స్టెప్నీ టైరు వేలాడే చోటు దీనికిచ్చి, టైరుని తొట్టిలోకి మార్చుకోవాలి. 12 మైళ్ళ లెక్కనే చూసినా 370 మైళ్ళు వస్తుంది. పక్క ట్యాంకు పూర్తిగా తీసెయ్యొచ్చు. మార్చే వాల్వూ లేదు, స్విచ్చూ లేదు, రెండు మీటర్ల గొడవా లేదు.

వెనక పెడితే వెనక దెబ్బ మాటేమిటి అంటారు. న్యాయమైన ప్రశ్న. ఫోర్డ్ పింటో కారు కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇరుసుకీ బంపరుకీ మధ్య ఇరుకున పెట్టిన ట్యాంకు వెనకనుంచి గుద్దితే ముందుకి జరిగి డిఫరెన్షియల్ బోల్టులకి గుచ్చుకునేది. 1978లో దాదాపు 15 లక్షల కార్లని వెనక్కి పిలవాల్సి వచ్చింది. పికప్‌కి రెండుపక్కలా బలమైన పట్టాలున్నాయి, బంపరు దాకా ఎక్కువ చోటుంది. అయినా ఆ పాఠాన్ని పట్టుకునే పని చెయ్యాలి. ట్యాంకుకి ఎదురుగా మొనదేలిన బోల్టు ఒక్కటీ ఉండకూడదు. ట్రైలర్ హిచ్ బోల్టుల పొడవు తప్పకుండా చూడండి, ఎవరూ చూడనిది అదే. సైలెన్సరు గొట్టం ట్యాంకుకి దూరంగా పోవాలి. కింద రాళ్ళ దెబ్బకి ఇనుప పలక అడ్డం ఉండాలి.

సరే, మీ బండికి కంపెనీయే రెండు ట్యాంకులు ఇచ్చిందనుకుందాం, లేదా రెండూ కావాలనే పట్టుదల మీకుంది. అప్పుడు తెలుసుకోవాల్సిన మొదటి సంగతి: ఇంజనుకి పంపిన ఇంధనమంతా ఇంజను తాగదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న బండిలోనూ డీజిల్‌లోనూ మిగిలింది రిటర్న్ పైపులో వెనక్కి వస్తుంది. డీజిల్‌లో అది చాలా ఎక్కువ. ఇంధనం తీసుకున్న ట్యాంకుకే ఆ మిగులు తిరిగి చేరాలి. మన ఊళ్ళో మోటార్ సైకిల్‌కి రిజర్వు తిప్పినట్టు ఒక్క పైపుని ఇటు నుంచి అటు మారిస్తే పనైపోదు. అందుకే కంపెనీ వాల్వుకి ఆరు మూతులుంటాయి. ఒక్కో ట్యాంకుకి రాకకొకటి, పోకకొకటి, ఇంజను వైపు రెండు. పోయే దారి మారినప్పుడే వచ్చే దారీ మారుతుంది.

అది మారకపోతే ఏమవుతుంది? మీరు ముందు ట్యాంకు మీద నడుపుతుంటారు, మిగులంతా వెనక ట్యాంకులోకి చేరుతుంటుంది. అది అప్పటికే నిండుగా ఉంటే మూతలోంచి పొంగి రోడ్డు మీద పడుతుంది. ఎనభైల చివర, తొంభైల మొదట్లో వచ్చిన రెండు ట్యాంకుల ఫోర్డ్ బండ్లలో లోపలి వాల్వు అరిగిపోయి సరిగ్గా ఇదే జరిగేది. ఒకవైపు మీటరు ముల్లు మామూలు కంటే తొందరగా పడిపోతుంటే, రెండోవైపు ముల్లు తనంతట తాను లేస్తుంటే సంగతి ఇదేనని అనుమానించండి.

ముల్లు మాట వచ్చింది కాబట్టి ఇదొకటి. వేరే కంపెనీ ట్యాంకు తెచ్చి బిగిస్తే ఇంధనం ఎంతుందో మీటరుకి చెప్పే దానిలోని సెండరు మీ మీటరుతో కలవకపోవచ్చు. ఆ కాలపు జీఎం సెండరు ఖాళీ ట్యాంకుకి సున్నా ఓమ్‌లు, నిండితే 90 చూపిస్తుంది. ఎనభైల మధ్య దాకా ఫోర్డ్‌ది తలకిందులు, ఖాళీకి 73, నిండుకి 10. ఫోర్డ్ సెండరుని జీఎం మీటరుకి కలిపితే ఖాళీ ట్యాంకుని చాలావరకు నిండినట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి ఎల్ పాసో దారి పట్టారంటే ఇక చెప్పేదేముంది!

ట్యాంకుకి ఊపిరి కూడా కావాలి. ఇంధనం తగ్గేకొద్దీ గాలి లోపలికి రావాలి, ఎండకి పెట్రోలు పెరిగితే ఆవిరి బయటికి పోవాలి. 75 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే దాదాపు లీటరున్నర పెరుగుతుంది. అందుకే మెడదాకా నింపకూడదు. వాణిజ్య వాహనాల ట్యాంకులకి కేంద్ర నిబంధన 95 శాతం దగ్గరే గీత గీసింది. వెంట్ గొట్టానికి బండి బోల్తాపడితే మూసుకునే వాల్వు ఉండాలి. బండికి ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బా ఉంటే ఆ ఆవిరిని దాంట్లోకే కలపాలి, గాలిలోకి వదలకూడదు. పాత రబ్బరు గొట్టాలు ఇప్పటి పది శాతం ఇథనాల్ పెట్రోలుకి తట్టుకోవు, అన్నీ మార్చేయండి. ఇంజెక్షన్ బండికి 30ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టమే వాడాలి, కార్బ్యురేటర్ గొట్టం ఆ ఒత్తిడికి ఆగదు. విద్యుత్ పంపు పెడితే ఇంజను ఆగగానే, గుద్దుకోగానే పంపు ఆగిపోయే స్విచ్చు కూడా పెట్టించండి. పాత ట్యాంకు ఖాళీగా ఉందని దాని మీద వెల్డింగు చెయ్యనివ్వకండి. పెట్రోలు ఆవిరి గాలిలో ఒకటిన్నర శాతముంటే చాలు అంటుకోవడానికి, ఖాళీ ట్యాంకులో ఉండేది ఆ ఆవిరే.

డీజిల్ బండి ఉన్నవాళ్ళు తొట్టిలో పెట్టే ట్యాంకు గురించి అడుగుతారు. టూల్‌బాక్సుతో కలిసి 50, 100 గాలన్లవి దొరుకుతాయి. అవి డీజిల్ కోసమే చేసినవి, పెట్రోలు పొయ్యకండి. 100 గాలన్ల డీజిల్ బరువు దాదాపు 320 కిలోలు. ట్యాంకు బరువు దాని మీద. పాత హాఫ్-టన్ బండి మోయగలిగిన దాంట్లో సగం ఇంధనానికే పోతుంది. లోపల అడ్డుపలకలు లేని ట్యాంకయితే బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ బరువు ముందుకి దూకుతుంది. తలుపు అంచున అంటించిన బరువుల పట్టీ చదివాకే ట్యాంకు కొనండి.

పొలమున్నవాళ్ళకి ఒక హెచ్చరిక. ట్రాక్టరుకి వాడే ఎర్రరంగు డీజిల్‌కి రోడ్డు పన్ను ఉండదు. దాన్ని తొట్టి ట్యాంకులో పొలానికి తీసుకెళ్ళడం వేరు, ఆ ట్యాంకుని ఇంజనుకి కలిపి రోడ్డు మీద నడపడం వేరు. పట్టుబడితే కేంద్ర జరిమానా వెయ్యి డాలర్లు లేదా గాలనుకి పది డాలర్లు, ఏది ఎక్కువైతే అది. రంగు పైపుల్లో అలాగే ఉండిపోతుంది, ఇన్‌స్పెక్టరు ఒక్కచూపులో పట్టేస్తాడు.

ఈ గొడవంతా ఎందుకు, నాలుగు డబ్బాల పెట్రోలు తొట్టిలో వేసుకుంటాననేవాళ్ళూ ఉన్నారు. వేసుకోండి, కానీ డబ్బాని తొట్టిలో ఉంచి నింపకండి. తొట్టిలో పరిచిన ప్లాస్టిక్ పరుపు మీద డబ్బాలో చేరిన స్టాటిక్ విద్యుత్తుకి పోయేదారి ఉండదు, పంపు ముక్కు దగ్గర రవ్వ లేస్తుంది. దింపి నేల మీద పెట్టి నింపండి. ఇండియాలో ఉన్న అన్నదమ్ములకి ఈ ఉత్సాహం అంటించేముందు కూడా ఒకమాట: అక్కడ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడం నిషేధం.

చివరగా మీకు నా విన్నపం. ట్యాంకు పని ఎవరికి అప్పగించినా, తాళాలిచ్చేముందు మూడు ప్రశ్నలడగండి. ట్యాంకు పట్టాల లోపలుంటుందా, బయటా? ఆవిరి ఎటు పోతుంది? రిటర్న్ ఏ ట్యాంకులో పడుతుంది? మూడోదానికి తడుముకోకుండా జవాబు చెప్పలేని మెకానిక్ దగ్గర బండి వదలకండి.