వార్సీ సోదరుల ఖవ్వాలీ

హైదరాబాద్ ఖవ్వాలీ అనగానే గుర్తొచ్చే జంట వార్సీ సోదరులు నజీర్ అహ్మద్ ఖాన్, నసీర్ అహ్మద్ ఖాన్. తాత అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. వీరి పరంపర బహదూర్ షా జఫర్ ఆస్థాన గాయకుడు తాన్‌రస్ ఖాన్ దాకా వెళ్తుంది. 1857 తిరుగుబాటు తర్వాత తాన్‌రస్ ఖాన్ హైదరాబాద్ చేరారు.

వీరి కచేరీలో హార్మోనియం నెమ్మదిగా ఎత్తుకుంటుంది. అమీర్ ఖుస్రో పారశీక పాదం నడుస్తుండగా మధ్యలో ఓ ఉర్దూ షేర్ (రెండు పాదాల కవిత) అందుకుని, పాటను తిప్పి మళ్లీ ఆ పాదం మీదకే తెచ్చి వదులుతారు. దీన్ని గిరహ్ కట్టడం అంటారు. వెనక వరస చప్పట్లు అక్కడే జోరందుకుంటాయి. భాష రానివాళ్లు కూడా తలలూపుతారు. నా మటుకు ఖవ్వాలీ ప్రాణమంతా అందులోనే ఉంది.

2014 సంగీత నాటక అకాడమీ పురస్కారం ఇద్దరికీ కలిపి దక్కింది. ఈసారి పాతబస్తీ దర్గాలో ఉర్సు (సూఫీ సంతు వర్ధంతి ఉత్సవం) జరిగినప్పుడు వెళ్లి, ముందు వరసలో కూర్చుని ఖవ్వాలీ వినండి.