బెర్నియర్ చూచిన ఢిల్లీ



ఊరినుండి వచ్చిన బంధువులకు ఎర్రకోట చూపించుట ఢిల్లీలోని తెలుగు కుటుంబములకు అలవాటైన పని. పాలరాతి మండపములను, చాందినీ చౌక్ సందడిని చూచి, మిఠాయి కొనుక్కొని, సాయంకాలమునకు ఇల్లు చేరుదురు. ఈ కోటయు ఈ వీథియు క్రొత్తవిగా నున్న దినములలో వానిని చూచి, చూచినదెల్ల వ్రాసిపెట్టిన యాత్రికుడొకడు గలడు. ఆతడు ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియర్.

షాజహాను 1639లో ఆరంభించిన కోట 1648లో పూర్తియయ్యెను. బెర్నియర్ ఆ తరువాత పదియేండ్లకు ఈ దేశమునకు వచ్చి, ఔరంగజేబు కొలువులోని దానిష్‌మంద్ ఖాన్ అను ప్రభువు నాశ్రయించి, పెక్కు సంవత్సరములు గడపెను. ఢిల్లీ, ఆగ్రాలను గూర్చి ఆతడు 1663 జూలైలో స్వదేశమునకు వ్రాసిన లేఖ ప్రసిద్ధమైనది.

కోటలోని నౌబత్తు మొదట ఆతని చెవులకు కఠోరముగా తోచెను. కొంతకాలమునకు అదియే, రాత్రి మేడమీద పండుకొని దూరమునుండి వినగా, గంభీరమై మధురమయ్యెను. ఆగ్రాలో తాజమహలు నెదుట, చాలకాలము ఇచ్చట నుండుటచే తన అభిరుచియే మారినదేమోయని ఆతడు సందేహించెను. ఫ్రాన్సునుండి క్రొత్తగా వచ్చిన వర్తకుడొకడు ఐరోపాలో నింతటిది చూడలేదనగా ఊరట చెందెను.

కాని ఆతని చూపు పాలరాతి యొద్దనే నిలిచిపోలేదు. మేలైన వస్త్రములు పరచిన అంగడి యొకటియుండగా, నూనె కుండలు, బియ్యపు బుట్టలు తప్ప మరేమియు లేని అంగళ్లు ఇరువదియైదు కలవని లెక్కించెను. కోట ముందటి మైదానములో జోస్యులు బారులు తీరియుండిరి. వారిలో గోవానుండి పారిపోయి వచ్చిన పోర్చుగీసువాడొకడు పాత ఓడదిక్సూచిని, బొమ్మలున్న ప్రార్థన పుస్తకములను ముందుంచుకొని జాతకములు చెప్పుచుండెను!

ప్రభువుల భవనముల నడుమ సిపాయిలకు, సేవకులకు మట్టిగోడల పూరిండ్లే గతి. ఒక్క సంవత్సరములో మూడు అగ్నిప్రమాదములందు అరువదివేల కప్పులు కాలినవని ఆతడు వ్రాసెను. అందుచేతనే ఢిల్లీ ఆతనికి పల్లెల గుంపువలెను, సైన్యపు విడిదివలెను కనబడెను. పాదుషా బయలుదేరిన, కొలువు నమ్ముకొని బ్రతుకువారందరు వెంట నడువవలసినదే. బదిలీ ఉత్తర్వు చేతబట్టుకొని సంసారమును మూటగట్టిన ఉద్యోగులకు ఈ మాట చెప్పనక్కరలేదు.

పనివాండ్ర సంగతి మరింత బాధాకరము. కొందరు రాచ కార్ఖానాలలో నీడ పట్టున పనిచేయుచుండిరి. బజారులోని పనివానిని మాత్రము ప్రభువు బలవంతముగనైనను పిలిపించి, పని ముగిసినపిదప దాని విలువనుబట్టి గాక తన యిష్టమునుబట్టి కూలి యిచ్చెడివాడు.

బెర్నియర్ మాటలన్నియు నిర్వివాదములు కావు. ఢిల్లీలో మధ్యతరగతి లేదనియు, దేశములో భూమిపై సొంత హక్కు లేదనియు ఆతడు చెప్పినదానిని తరువాతి చరిత్రకారులు ఆధారములతో ఖండించిరి. తన దేశపు రాజ్యతంత్రమునకు హెచ్చరిక చేయవలెనను తలంపు ఆతని కలమును కొంత నడిపినది. అయినను కూలివానిని, కాలిన గుడిసెను చూడగలిగిన కన్ను ఆతనిది.

1857 తిరుగుబాటు పిదప ఆంగ్లేయులు కోటలోని కట్టడములను పెక్కింటిని పడగొట్టి బారకాసులు కట్టిరి. 2003లో సైన్యము కోటను పురావస్తు శాఖకు అప్పగించెను. 2007లో అది ప్రపంచ వారసత్వ స్థలములలో చేరెను. రాజులకొరకు కట్టిన గోడపైనుండి ప్రతి ఆగస్టు 15వ తేదీన ప్రధానమంత్రి ప్రజల నుద్దేశించి ప్రసంగించుచున్నారు.

పిల్లలకు కోట చూపువారు కట్టించినవాని పేరు తప్పక చెప్పుదురు. ఆ రాతిని చెక్కినవాడు ఏ కప్పు క్రింద నిద్రించెను, వానికి ముట్టిన కూలి యెంత అనికూడ ఆ పిల్లలు అడుగునట్లు చేసినచో, ఆ సందర్శనము సార్థకమగును.