పాత కొయ్యపెట్టె, కొత్త మంద్రస్వరము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో పాత ఇండ్ల అటకలపై నేటికిని కొయ్యపెట్టెల రేడియోలు కానవచ్చుచున్నవి. కొన్ని 1950, 60 దశకములనాటి వాల్వు రేడియోలు. మరికొన్ని 1970, 80 దశకములలో స్టీరియోలతోపాటు వచ్చిన జంట స్పీకరు పెట్టెలు. హైదరాబాదులోని దక్కన్ రేడియోను 1935లో నిజాం ప్రభుత్వము స్వీకరించినది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో చేరినది. 1957 అక్టోబరు 3న వివిధభారతి వెలసినది. ఆ ప్రసారములన్నియు మన ఇండ్లలో మాటలై, పాటలై వినిపించినది ఈ కొయ్యపెట్టెల నుండియే.

ఇల్లు పడగొట్టి కొత్తగా కట్టునపుడు ఇవి పాతసామానుల బండి నెక్కుచున్నవి. కాదేని, ఉత్సాహవంతుల చేతబడి నిగనిగలాడు రంగు పూయించుకొని, ప్రక్కన ఒక సబ్‌వూఫరు తోడుకాగా, వీధి యదరునట్లు దబదబ మ్రోగుచున్నవి. ఈ రెండు గతులలో ఏది హీనమో చెప్పుట కష్టము. మూడవ గతి యొకటి కలదు. దానిని గూర్చియే మేము నేడు శ్రోతలకు మనవి చేయదలచినాము.

మొదట పెట్టె చేయు పని యేమో తెలిసికొందము. నాగర్‌కర్నూలు జిల్లా లింగాల మండలమునకు చెందిన దర్శనం మొగులయ్యగారి పన్నెండు మెట్ల కిన్నెరను వినని వారుండరు. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆ కిన్నెరకు కట్టిన సొరకాయ బుర్రలు తీగతోపాటు తామును పాడును. అవి పాడుటకే యున్నవి. స్పీకరు పెట్టె ధర్మము దీనికి సరిగా వ్యతిరేకము. అది పాడరాదు. స్పీకరు ముందుకు కదలినపుడు ముందు గాలి ఒత్తుకొనును, వెనుక గాలి పలుచబడును. ఈ రెండును కలిసినచో మంద్రస్వరములు ఒకదాని నొకటి చంపుకొనును. వానిని వేరుపరచి నిలిపి, తాను మాత్రము కదలక మెదలక యుండుటయే పెట్టె పని. కనుక కీళ్లు వదలుట, పలక పగులుట, అంచు లేచుట అనునవి చూపునకు మాత్రమే కాదు, చెవికిని లోపములు. వ్రేలి కణుపుతో ప్రక్కపలకపై తట్టి చూడుడు. మొద్దుగా పలికినచో మంచిది. తప్పెట వలె మ్రోగినను, జిర్రుమన్నను ఎక్కడనో వదులున్నదని యర్థము.

వాల్వు రేడియోల సంగతి వేరు. వాని వెనుకభాగము తెరచియో, రంధ్రముల అట్టతో కప్పియో యుండును. వాల్వుల వేడి పోవుటకు ఆ దారి యుండితీరవలెను. నాదము మెరుగగునని దానిని మూసివేయుట ఎన్నటికిని తగదు.

మన ప్రాంతపు ఎండ కొయ్యకు పరీక్ష. కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో వేసవి వేడి 40 డిగ్రీలు దాటును. వెంటనే వానాకాలము వచ్చును. కొయ్య ఎండకు ముడుచుకొనును, తేమకు ఉబ్బును. అదియును నిలువున కాదు, అడ్డముగా. ఏటేట ఇట్లు జరుగగా పైరేకు అంచులలో లేచును. "మాది నల్లమల టేకు పెట్టె" యని గర్వించువారు దాని వెనుక అంచును ఒకమారు పరికింపవలెను. పొరలు పొరలుగా కనబడినచో లోపల నున్నది ప్లైవుడ్డు. టేకు మీద అతికిన పలుచని రేకు మాత్రమే. వెనీరు అనబడు ఈ రేకు తరచు మిల్లీమీటరు మందమైనను ఉండదు. దానిమీద విద్యుత్తుతో తిరుగు అరగదీత యంత్రము పెట్టినచో రెండు నిమిషములలో టేకు పోయి క్రింది తెల్లచెక్క బయటపడును. అట్లు పోయిన రేకును ఏ పాలిషును తిరిగి తేజాలదు.

పని మొదలుపెట్టుటకు ముందు స్పీకర్లను, మీటలను, పేరు పలకలను విప్పి వేరుగా భద్రపరుపవలెను. స్పీకరులోని అయస్కాంతమునకు, తీగచుట్టకు నడుమ వెంట్రుకవాసి సందు మాత్రమే యుండును. రంపపుపొట్టు అందులో పడినను కీడే. ఇక ఉక్కుపీచుతో రుద్దునప్పుడు రాలు ఇనుపరజను అయస్కాంతమునకు అంటుకొనినచో దానిని తీయుట దాదాపు అసాధ్యము. స్పీకరున్న గదిలో ఉక్కుపీచు ముట్టకుండుటయే మేలు.

తరువాత పెట్టెను కడుగవలెను. అనగా నీళ్లు పోయుట కాదు. సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తవలెను. వంటింటి పొగ, అగరువత్తుల మసి, చేతి జిడ్డు వదలగానే, పాడైనదనుకొన్న పాలిషు చెక్కుచెదరక బయటపడుట కలదు. అట్లైన అక్కడ ఆగవలెను. కొత్తదనమునకై ప్రాకులాడి మంచి పాత పాలిషును గీకివేయుట మా దృష్టిలో దుబారా.

పాలిషు నిజముగా చెడినచో అది ఏ జాతిదో తెలిసికొనవలెను. అడుగున కనబడని చోట స్పిరిట్టులో తడిపిన దూదిని అద్దుడు. పూత మెత్తబడి అంటుకొనినచో అది లక్క. స్పిరిట్టునకు చలింపక, థిన్నరునకు కరగినచో ఫ్యాక్టరీలో చిమ్మిన లాకరు. రెంటికిని లొంగనిచో ఇటీవలి పాలియురెథేను. లక్క యైనచో మీ యదృష్టము: పాతపూత స్పిరిట్టునకు కరగి కొత్తపూతతో ఏకమగును గనుక అంతయు గీకనవసరము లేదు. లీటరు స్పిరిట్టునకు సుమారు 200 గ్రాముల లక్కరేకులు వేసి, ఒక రాత్రి నాననిచ్చి, వడకట్టి, దూది చుట్టిన నూలుగుడ్డతో పలుచగా పూయవలెను. పూత పూతకు ఆరనిచ్చి, సన్నని గరుకు కాగితముతో కొయ్యచార వెంబడి తేలికగా రుద్దవలెను. వానదినములలో పూసినచో తేమ చేరి తెల్లగా పొగ కమ్మును. వైశాఖపు మధ్యాహ్నమున పూసినచో స్పిరిట్టు చప్పున ఆరి గుడ్డ పట్టుకొనును. మన ప్రాంతమున మార్గశిరము మొదలు మాఘము వరకు ఉదయపు వేళలు ఈ పనికి అనువైనవి. స్పిరిట్టు దగ్గర దీపముగాని, చుట్టగాని కూడదు. అవిసెనూనె వాడినచో ఆ గుడ్డలను ముద్దగా పడవేయరాదు; తమంతట తాము రగులుకొనును. విప్పి ఆరవేయవలెను.

లేచిన రేకు అంచునకు పాతకాలపు సరేసు అంటించి యున్నచో, పైన గుడ్డ పరచి గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో ఒత్తి బరువు పెట్టినచో తిరిగి అతుకుకొనును. తోలు, ఎముకలు కాచి తీసిన ఆ జిగురు వేడికి మరల కరగును. కొత్త జిగురులలో అన్నింటికి ఈ సుగుణము లేదు. ముందుభాగపు గుడ్డ చినిగినచో పలుచని చేనేత నూలుగుడ్డ చాలును. నోటి ఎదుట పట్టి ఊదినపుడు ఊపిరి అడ్డులేక అవతలికి పోవలెను. స్పీకరు అంచున నురుగురబ్బరు చుట్టు పొడియై రాలుచున్నచో, అది మార్చువరకు ఆ స్పీకరును మ్రోగింపరాదు.

ఇక సబ్‌వూఫరు. చిన్నపెట్టెలు సాధారణముగా సెకండుకు 80, 100 కంపనములకు దిగువ స్వరములను సరిగా పలుకజాలవు. మృదంగపు ఎడమవైపు తొప్పి గుంకారము, తంబురా అడుగుశ్రుతి వానిలో సన్నబడును. ఆ లోటు తీర్చుటకు సబ్‌వూఫరు వచ్చినది. గోడలు కదల్చుటకు కాదు. దీనికి గద్వాల చీరయే మంచి ఉపమానము. నడుమ నూలు, అంచు పట్టు. రెండు జాతుల దారములను కుప్పడపు నేతతో కలుపుదురు. ఆ కూడిక నేర్పు గలదైనచో నూలు ఎక్కడ ముగిసి పట్టు ఎక్కడ మొదలైనదో కట్టుకొన్న వారికి ఒరయదు. స్పీకరునకు, సబ్‌వూఫరునకు నడుమ కూడికయు అట్లే యుండవలెను. సబ్‌వూఫరుపై నుండు ఒక మీట ఈ కూడిక చోటును నిర్ణయించును. 80 కంపనముల వద్ద మొదలుపెట్టుట మేలు. పురుషకంఠపు మూలస్వరము తరచు 100 నుండి 130 కంపనముల ప్రాంతమున నుండును. మీటను 150కి త్రిప్పినచో వార్తలు చదువువారి గొంతు సగము సబ్‌వూఫరులోనికి జారి, బానలో మాటలాడినట్లుండును.

తీగల విషయమున హెచ్చరిక అవసరము. తనలోనే యాంప్లిఫయరు గల సబ్‌వూఫరును కొనవలెను. యాంప్లిఫయరు లేనిదానిని పాత స్పీకరునకు జంటగా కట్టినచో, 8 ఓములు, 8 ఓములు కలిసి 4 ఓములై పాత యాంప్లిఫయరుపై భారము రెట్టింపగును. వాల్వు రేడియోలకైతే సొంతముగా ఏ తీగయు తగిలింపరాదు. వాని లోపల 200 వోల్టులకు మించిన విద్యుత్తు ఉండును. ఆపివేసిన పిమ్మటను కొంతసేపు నిలిచియుండును. ఏసీ, డీసీ రెండింటిపై నడచు సెట్లలో లోపలి ఇనుపచట్రమే నేరుగా మెయిన్సు తీగతో కలిసియుండును. దానికి సబ్‌వూఫరు తగిలించినవాడు ప్రాణముతో చెలగాటమాడినట్లే. తెలిసిన మెకానిక్కు చేత ఐసొలేషను ట్రాన్సుఫార్మరు పెట్టించవలెను. లేదా ఆ రేడియోను ఉన్నదున్నట్లుగా వినుటయే ఉత్తమము. వనపర్తి రాజభవనములో 1959 నుండి పాలిటెక్నిక్కు నడచుచున్నది. ఈ విద్య తెలిసినవారు మన జిల్లాలలో కరవు కారు.

సబ్‌వూఫరును ఎక్కడ పెట్టవలెను? 80 కంపనముల ధ్వనితరంగము పొడవు నాలుగు మీటర్లకు పైబడి యుండును. 40 కంపనములది ఎనిమిదిన్నర మీటర్లు. మన గదులు అంతకంటె చిన్నవి గనుక గోడల నడుమ ఆ తరంగములు ఒకచోట పేరుకొనును, మరియొకచోట లోపించును. పరుపులు, బొంతలు హెచ్చుస్వరములను మ్రింగునేగాని ఈ మంద్రస్వరములను ఆపజాలవు. దీనికొక ఉపాయము కలదు. మీరు కూర్చుండు చోట సబ్‌వూఫరును పెట్టి, నిలుకడగా సాగు మృదంగవాద్యము నొకదానిని మ్రోగింపుడు. పిమ్మట గోడవెంట వంగి నడచుచు వినుడు. ఎక్కడ దెబ్బ దెబ్బకు స్పష్టముగా, ఉబ్బరింపు లేక వినబడునో అక్కడికి సబ్‌వూఫరును మార్చి, మీరు తిరిగి మీ చోట కూర్చుండుడు. చూచినవారు నవ్వవచ్చును, నవ్వనిండు.

వెనుకవైపు ఫేజు అను మీట యుండును. సున్నకు, 180కి మార్చి మార్చి విని, కూడిక ప్రాంతపు స్వరము దేనివద్ద నిండుగా నున్నదో దానియందు నిలుపవలెను. చివరగా బిగ్గర మీట. సబ్‌వూఫరు మ్రోగుచున్నదని తెలియువరకు పెంచి, తెలియనంతవరకు తిరిగి తగ్గింపుడు. దానిని ఆపివేసినపుడు మాత్రము ఏదో కొరవడినట్లు తోచవలెను. మీటలపై సన్నని పెన్సిలు గుర్తులు పెట్టుకొని, వారము దినములు వానిని ముట్టక, వార్తలు, కిన్నెరపాట, కచేరి అన్నియు విని, ఆపై అవసరమైనచో ఒక గీటు మాత్రము జరుపుడు.