పట్నానికి ఆనుకున్న పల్లెలు: భూమి వాడకంలో ముందుచూపు



పెరుగుతున్న పట్నానికి దగ్గరగా ఉన్న పల్లెల్లో భూమిని ముందు ముందు ఏయే పనులకు వాడుకోవాలన్న విషయం ఈ పూట ముచ్చటించుకుందాం. ఇది పట్నంలోని అధికారుల పని, మనకేమిటని కొందరు అనుకుంటారు. అది సరికాదు. నక్షా గీసేది అధికారులే అయినా గీత పడేది మన చేను మీదనే గదా!

హైదరాబాదు చుట్టుపట్ల చూడండి. ఒకప్పుడు నగరం చుట్టూ అనాబెషాహీ ద్రాక్ష తోటలు విరివిగా ఉండేవి. ఆ నేలల్లో చాలావరకు ఇప్పుడు కాలనీలు లేచినవి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వచ్చిన తరువాత ఇళ్లు పల్లెల మీదికి మరింత వేగంగా వచ్చినవి. పట్నం పెరగవద్దని మనం అనలేము. జనానికి ఇళ్లు కావాలి, మన పిల్లలకు పనులు కావాలి. అయితే ఆ జనానికే కూరగాయలు, పాలు, మంచినీళ్లు కూడా కావాలి. కనుక ఏ నేల దేనికి తగునో ముందే తేల్చుకోవలెను.

మొదట నేల గుణం చూడండి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దాని మీద కట్టిన గోడలు పగులుతవి; పునాదికి ఖర్చు ఎక్కువ. పత్తికి, శనగకు, జొన్నకు మాత్రం అది బంగారం వంటి నేల. చెరువు కింది తరి భూమి సంగతి చెప్పనే అక్కరలేదు. ఇక రాతి మెరకలు, పలుచని చెలకలు పంటకు అంతంతమాత్రమే గాని, పునాదికి గట్టివి. అంటే ఇళ్లు మెరక మీదికి పోవాలి, పంట పల్లంలో నిలవాలి. కాని అమ్మకాలు నేల గుణం చూసి జరగడం లేదు, రోడ్డు చూసి జరుగుతున్నవి. రోడ్డు పక్కనున్న మంచి మడి ముందుగా ప్లాట్లయి, వెనుకనున్న రాళ్ల మెరక అట్లాగే పడి ఉంటున్నది.

రెండవది నీళ్లు. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే అది సుమారు 40,000 లీటర్లు. చేనులో పడిన వానలో చాలా భాగం నేలలోకి ఇంకుతుంది; అందులో కొంత బావులకు, బోర్లకు చేరుతుంది. అదే ఎకరంలో సిమెంటు పరిస్తే దాదాపు అంతా పల్లానికి పరుగు తీస్తుంది. ఆ నీటికి దారి ఏది? మన పెద్దలు ఒక చెరువు అలుగు నీళ్లు కింది చెరువుకు చేరేట్టు గొలుసుగా కట్టించినారు. నడుమ కాలువను ఒకరు పూడ్చితే కింది చెరువు ఎండుతుంది. పెద్దవాన వస్తే ఆ నీళ్లే ఇళ్లలో చొరబడతవి. 2020 అక్టోబరులో హైదరాబాదులో ఈ కష్టం చూచినాము. 2012 నాటి భవన నిర్మాణ నియమాలు, పది హెక్టార్లు గాని అంతకు మించి గాని ఉన్న చెరువుకు పూర్తి నీటిమట్టం నుండి 30 మీటర్లు, అంతకన్న చిన్న కుంటకు 9 మీటర్లు వదిలిపెట్టాలన్నవి. ఇది రైతును ఇబ్బంది పెట్టేందుకు కాదు, ఊరు మునగకుండా ఉండేందుకు.

ఇక్కడ న్యాయం మాట కూడా ఒకటి ఉన్నది. 1908 మూసీ వరద తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టినారు. ఆ జలాశయాలను కాపాడేందుకు 1996లో 111వ జీవో ద్వారా 84 గ్రామాల్లో కాలనీలకు, కాలుష్యం చేసే పరిశ్రమలకు అడ్డు పెట్టినారు. “పట్నానికి మేము నీళ్లు కాపాడుతున్నాము, పక్క ఊరి ధర మాకు రాదా?” అని అక్కడి రైతులు అడిగినారు. 2022లో ప్రభుత్వం 69వ జీవోతో, జలాశయాల నీరు చెడకూడదన్న షరతు పెట్టి, ఆ అడ్డును సడలించింది. ఇందులో మనం గ్రహించవలసినది ఒకటే. నేలను పచ్చగా ఉంచుమని రైతును అడిగేవారు, ఆ భారమంతా అతని నెత్తిన పెట్టి ఊరుకోరాదు. రోడ్డు, మార్కెట్టు, గిట్టుబాటు చూపవలెను. లేకుంటే ఏ నక్షా నిలవదు.

మరి మన చేతిలో ఏమున్నది? మాస్టర్ ప్లాన్ ఖరారు చేసేముందు ముసాయిదా ప్రకటించి, గడువు పెట్టి అభ్యంతరాలు కోరుతారు. ఆ గడువు చాలా విలువైనది. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు, ముసాయిదాలో తమ పంట భూములను పరిశ్రమల ప్రాంతంగా చూపారని ఆందోళన చేసినారు. అదే నెలలో మునిసిపల్ కౌన్సిలు ఆ ముసాయిదా రద్దుకు తీర్మానించింది. అంతదాకా పోకుండా, మొదటనే నక్షా చూచి సర్వే నంబరుతో సహా రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, రసీదు తీసుకోవడం మేలు.

భూమి అమ్మాలనుకునే వారికి నాలుగు మాటలు. బయానా పుచ్చుకునేముందు మీ సర్వే నంబరు ఏ జోనులో ఉన్నదో విచారించండి. తెలంగాణలో వ్యవసాయ భూమిని ఇతర పనులకు మార్చాలంటే 2006 నాటి చట్టం ప్రకారం అనుమతి కావాలి. ఆ అనుమతి ఉన్నంత మాత్రాన లేఅవుటు అనుమతి ఉన్నట్టు కాదు, అది వేరే. మీ చేను గుండా పక్కవారికి బాట గాని కాలువ గాని ఉంటే దానిని కాగితంలో రాయించండి. నడుమ చేను ప్లాట్లయి బాట మూసుకుపోతే వెనుకవాడు ఎడ్లబండి తోలలేడు, ట్రాక్టరు తేలేడు. చివరకు అయినకాడికి అమ్ముకోవలసి వస్తుంది.

అమ్మని వారికీ లాభం లేకపోలేదు. పట్నం దగ్గర ఉండడమే పెద్ద పెట్టుబడి. తోటకూర, పాలకూర నెల రోజుల్లో కోతకు వస్తవి. పూలు, పాలు వాడకముందే మార్కెట్టు చేరుతవి. 1999 జనవరి 26న మొదలైన రైతుబజార్ల వల్ల దళారి లేకుండా అమ్ముకునే వీలు కలిగింది. పది మంది కలిసి ఒక బండి మాట్లాడుకుంటే రవాణా ఖర్చు తగ్గుతుంది.

గ్రామాల్లో తిరిగే విస్తరణ సిబ్బందికి ఒక మనవి. విత్తనాలు, ఎరువులతో పాటు ఈ సంగతి కూడా మన పనే. వానలు పడకముందే పెద్దమనుషులను, యువకులను, ఆడవారిని వెంటబెట్టుకొని ఊరి చుట్టూ నడవండి. చెరువు శిఖం, అలుగు, కాలువలు, బండ్ల బాటలు, బంచరాయి, మంచి మళ్లు, రాతి మెరకలు అన్నీ ఒక నక్షాలో గుర్తించండి. గ్రామసభలో చదివి వినిపించి తీర్మానం చేయించండి. పట్నం నక్షా వచ్చిననాడు మన ఊరి నక్షా చేతిలో ఉంటే, మన మాటకు బరువుంటుంది. వట్టి చేతులతో పోతే వాళ్లు గీసిందే గీత.