హాస్పిటల్ బైలాస్ ఎవరు మారుస్తారు? డాక్టర్లా, బోర్డా?

ఈరోజు టాపిక్ అమెరికా హాస్పిటళ్ళలో మెడికల్ స్టాఫ్ బైలాస్. పేరు వినగానే స్కిప్ కొట్టాలనిపిస్తుంది, తెలుసు. కానీ మనవాళ్ళు అక్కడ చాలామంది డాక్టర్లుగా ఉన్నారు. రెసిడెన్సీకి చదువుతున్నవాళ్ళు మీలోనూ ఉంటారు. అందుకే కాస్త ఓపిక పట్టండి.

ముందు ఒక కేసు చెప్తాను. 1960. ఇల్లినాయ్ రాష్ట్రంలో చార్ల్‌స్టన్ అనే చిన్న ఊరు. డోరెన్స్ డార్లింగ్ అనే 18 ఏళ్ళ కుర్రాడు కాలేజీ ఫుట్‌బాల్ ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎమర్జెన్సీ డ్యూటీలో ఉన్న డాక్టర్ పిండికట్టు వేశారు. కాసేపటికే విపరీతమైన నొప్పి. కాలివేళ్ళు వాచి, నల్లబడి, చల్లబడిపోయాయి. రెండు వారాలు అలాగే ఉంచారు, స్పెషలిస్టుని పిలవలేదు. తర్వాత వేరే హాస్పిటల్‌కి మార్చినా, మోకాలి కింద కాలు తీసేయాల్సి వచ్చింది.

అప్పట్లో హాస్పిటళ్ళ మాట ఒక్కటే: వైద్యం చేసేది డాక్టరు, మేం కాదు. 1965లో ఇల్లినాయ్ సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. హాస్పిటల్ సొంత బైలాస్‌ని కూడా జ్యూరీ సాక్ష్యంగా చూడొచ్చు అంది. బీరువాలో పడున్న కాగితం కోర్టుకొచ్చి మాట్లాడిందన్నమాట!

ఇంతకీ ఆ కాగితంలో ఏముంటుంది? ఏ డాక్టర్‌ని స్టాఫ్‌లోకి తీసుకోవాలి, ఎవరు ఏ ఆపరేషన్ చేయొచ్చు, తప్పు జరిగితే ఎలా ఆపాలి, ఆ డాక్టర్ తన వాదన ఎక్కడ వినిపించుకోవాలి. మెడికేర్ డబ్బు తీసుకునే హాస్పిటల్‌కి ఇది తప్పనిసరి, బోర్డు ఆమోదం కూడా ఉండాలి.

అప్‌డేట్ ఎందుకంటే, చుట్టూ చట్టం మారుతూ ఉంటుంది. 1986లో ఫెడరల్ చట్టం ఒకటి వచ్చింది. సాటి డాక్టర్ మీద న్యాయంగా విచారణ జరిపినవాళ్ళకి నష్టపరిహారం దావాల నుంచి రక్షణ ఇచ్చింది. న్యాయంగా అంటే? ముందే నోటీసు, హియరింగ్‌కి కనీసం 30 రోజుల గడువు, లాయర్‌ని పెట్టుకునే హక్కు, ఇలాంటివి. 1990లో నేషనల్ ప్రాక్టీషనర్ డేటా బ్యాంక్ మొదలైంది. విచారణ తర్వాత 30 రోజులు దాటి ప్రివిలేజెస్ ఆపితే పేరు అందులోకి వెళ్తుంది. తర్వాత ఏ హాస్పిటల్‌కి అప్లై చేసినా వాళ్ళు అది చూస్తారు. వీసా మీద ఉన్న డాక్టర్‌కైతే ఆ దేశంలో ఉండటమే ప్రశ్న అయిపోవచ్చు. అందుకే పాత బైలాస్‌లో ఒక్క వాక్యం తేడాగా ఉన్నా ఇరుపక్షాలకీ ప్రమాదమే.

మరి ఎవరు మారుస్తారు? మా కోడింగ్ భాషలో చెప్పాలంటే ఇద్దరు అప్రూవ్ చేస్తేనే మెర్జ్ అవుతుంది. హాస్పిటళ్ళకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2011లో అమల్లోకి తెచ్చిన ప్రమాణం ప్రకారం డాక్టర్ల స్టాఫ్ గానీ, బోర్డు గానీ ఒంటరిగా బైలాస్ మార్చడానికి వీల్లేకపోయింది. హియరింగ్ లాంటి వాటి ముఖ్యమైన అంచెలు బైలాస్‌లోనే ఉండాలని ఆ ప్రమాణం చెప్పింది. వివరాలు మాత్రం రూల్స్‌లో, పాలసీల్లో పెట్టుకోవచ్చంది.

నా అనుమానమంతా ఇక్కడే. "వివరం" అని పేరు పెట్టి ఏది పాలసీలోకి జరిపేస్తారు? పాలసీ మార్చడం తేలిక, అందరి ఓటూ అక్కర్లేదు. హియరింగ్ ప్యానెల్‌ని ఎవరు ఎంచుతారన్నది నా లెక్కలో చిన్న వివరం కాదు.

కాబట్టి అక్కడ చేరబోయేవాళ్ళు జీతం పేజీతో ఆగకండి. బైలాస్ కాపీ అడగండి, హియరింగ్ చాప్టర్ తెరవండి, చివరిసారి ఎప్పుడు సవరించారో తేదీ చూడండి. దానితో పాటు పాలసీల కాపీ కూడా అడగండి.